అడ్వాన్స్‌లో 62 శాతం కోసేశారు. ఇల్లంతా పెయింటింగ్ నా మీదేనా?

మూడో అంతస్తు (మార్చి 4, రాత్రి 9:52)

అందరికీ నమస్కారం. మూడేళ్ళ నాలుగు నెలలున్న ఇల్లు పోయిన నెల ఖాళీ చేశాం. తాళాలు ఇచ్చిన రోజు ఓనర్ గారు గదులన్నీ తిరిగి చూసి, "బాగానే ఉంచారమ్మా, వారంలో అడ్వాన్స్ వేసేస్తాను" అన్నారు. 22 రోజులకి డబ్బు బదులు ఒక మెసేజ్ వచ్చింది.

ఊరూ, అసలు మొత్తమూ ఇక్కడ చెప్పను. లెక్క సులువుగా ఉండటానికి నేను కట్టిన అడ్వాన్స్ 100 అనుకోండి. పెయింటింగ్ 30, వార్డ్‌రోబ్ 10, గీజర్ 9, క్లీనింగ్ 8, "ఇతరాలు" 5. అంటే 62 పోయి నాకు 38 మిగిలింది. బిల్లులు చూపించండి అంటే "నేనేమైనా అబద్ధం చెప్తున్నానా?" అని ఫోన్ పెట్టేశారు.

ఆయన పెద్ద మనిషి, మూడేళ్ళలో ఒక్క మాట తూలింది లేదు. అందుకే గట్టిగా అడగాలంటే మొహమాటం, అడక్కపోతే కడుపుమంట. మా ఆయనేమో "పోనీలే, వదిలెయ్" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చేయమంటారు?

లెక్కలపిచ్చి (మార్చి 4, రాత్రి 10:20)

వదలకండి మేడమ్. కానీ "62 ఎందుకు కోశారు?" అని మాత్రం అడక్కండి. దానికి ఆయన దగ్గర "ఇల్లు పాడుచేశారు" అనే జవాబు రెడీగా ఉంటుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. మీ మెసేజ్‌లో ఐదు వరసలున్నాయి. అవి ఐదు వేర్వేరు గొడవలు. ఒక్కో వరస తీసుకుని చూడండి: మీరు దిగిన రోజు ఆ వస్తువు ఎలా ఉంది, వెళ్ళిన రోజు ఎలా ఉంది, మధ్యలో వచ్చిన తేడా మామూలుగా కాపురం చేస్తే వచ్చేదేనా, లేక మీ చేతులారా చేసిందా.

"ఇతరాలు 5" గురించైతే ఆలోచించనే వద్దు. పేరు లేని కోతకి జవాబు చెప్పాల్సింది మీరు కాదు.

ఇంటివాడు (మార్చి 4, రాత్రి 10:41)

నాకు రెండు పోర్షన్లు అద్దెకున్నాయి. అందరూ కలిసి నన్ను తిట్టబోయే ముందు రెండు ప్రశ్నలు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా? గోడలకి మేకులెన్ని కొట్టారు? అద్దెకున్నవాళ్ళు "నీట్‌గా ఉంచాం" అంటారు, తలుపు తీస్తే హాలు నిండా రంగుపెన్సిల్ బొమ్మలు. నా పోర్షన్‌లో ఒకాయన టీవీ బిగించడానికి చేసిన ఎనిమిది బెజ్జాల్లో టూత్‌పేస్ట్ నింపి వెళ్ళాడు. మంచి మింట్ వాసన.

మూడో అంతస్తు (మార్చి 4, రాత్రి 11:05)

నవ్వొచ్చింది కానీ నిజమే చెప్తాను. బాబుకి నాలుగేళ్ళు. చిన్న పడకగది గోడ మీద నడుము ఎత్తు వరకూ వాడి బొమ్మలే. హాల్లో మేకులు నాలుగు, అందులో రెండు మేం దిగేటప్పటికే ఉన్నాయి. మిగతా గోడలకి మచ్చ లేదు, రంగు కొంచెం వెలిసిందంతే. రంగు మేం దిగే ముందే కొత్తగా వేయించారు.

ఇంటివాడు (మార్చి 4, రాత్రి 11:12)

ఇంత నిజం ఒప్పుకున్న టెనెంట్‌ని ఇప్పుడే చూస్తున్నా. ఇక తిట్టను.

నల్లకోటు నీడ (మార్చి 5, ఉదయం 7:30)

వకీలుని కాదు, వకీలు దగ్గర పదకొండేళ్ళుగా ఫైళ్ళు మోస్తున్నవాణ్ణి. చట్టం ఎక్కడికక్కడ వేరు, మీరు ఊరు చెప్పలేదు కాబట్టి భారత్ వరకు చెప్తాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. అద్దెకున్నవాళ్ళు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి అంటుంది. ఓనర్లు ఇక్కడిదాకానే చదువుతారు. ఆ వాక్యంలోనే, సహజమైన వాడకం వల్ల వచ్చే అరుగుదలకి మినహాయింపు ఉంది. రంగు వెలవడం, కుళాయి వదులవడం, మనుషులు నడిచేచోట నేల మెరుపు తగ్గడం ఆ మినహాయింపులోకే వస్తాయి.

2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం ఇంకొంచెం వివరంగా వెళ్తుంది. నివాసానికి ఇచ్చే ఇంటికి డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదు, ఇల్లు అప్పగించిన రోజునే న్యాయమైన కోతలు పోను మిగిలింది తిరిగివ్వాలి. ఎవరు ఏ రిపేరు చేయించాలో వెనక పట్టిక కూడా ఉంది. గోడలకి సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్ వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, గీజర్ రిపేరు అద్దెకున్నవాళ్ళ వంతు. గీజర్ అన్నమాట గుర్తుపెట్టుకోండి, అక్కడ మీరు బలహీనం. పైగా ఇది నమూనా చట్టం. రాష్ట్రం తనదిగా చేసుకున్నచోటే నడుస్తుంది, చేసుకోనిచోట మీ అగ్రిమెంటే ముఖ్యం. ముందు దాన్ని తీసి చదవండి.

చలిదేశం (మార్చి 5, మధ్యాహ్నం 1:15)

నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నా. ఇక్కడ ఈ పోరు చాలావరకు ఓనర్ చేతిలోంచి తీసేశారు. 2007 ఏప్రిల్ నుంచి మామూలు ప్రైవేటు అద్దెల డిపాజిట్‌ని ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టాలి, ఇప్పుడు గడువు 30 రోజులు. పెట్టకపోతే కోర్టు డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్లు వరకు ఓనర్‌తో కట్టించగలదు. గొడవ వస్తే స్కీము వాళ్ళే కాగితాలు చూసి తీర్పు చెప్తారు. డబ్బు అద్దెకున్నవాళ్ళది అన్న దగ్గరే వాళ్ళ ఆలోచన మొదలవుతుంది. కోత ఎందుకో రుజువు చేసుకోవాల్సింది ఓనర్.

నా పాత ఇంటి కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె మచ్చ పడింది. కొత్త కార్పెట్ ఖర్చంతా అడిగారు. ఆ కార్పెట్ వయసు చూసి, ఇంకెన్నాళ్ళు మన్నేదో దాని వరకే నన్ను కట్టమన్నారు. పాతదాన్ని పాడుచేసి కొత్తది కొనిపెట్టే బాధ్యత ఎవరికీ లేదు.

తీరం వెంట (మార్చి 5, సాయంత్రం 6:02)

కాలిఫోర్నియాలో 21 రోజుల్లోగా ఏ వరసకి ఎంత కోశారో రాసి, మిగిలిన డబ్బుతో పంపాలి. దురుద్దేశంతో దాచుకున్నారని కోర్టు నమ్మితే డిపాజిట్‌కి రెండింతల వరకు అదనంగా కట్టాల్సి రావచ్చు. అయినా మా వాళ్ళు 20వ రోజు రాత్రి దాకా ఆగుతారనుకోండి.

లెక్కలపిచ్చి (మార్చి 5, రాత్రి 8:30)

కార్పెట్ లెక్కనే మేడమ్ పెయింటింగ్‌కి పెడదాం. ఇల్లంతటికీ 30 అడిగారు. హాలు, డైనింగ్, వంటిల్లు, రెండు పడకగదులు, మొత్తం ఐదు భాగాలు సమానం అనుకుంటే ఒక్కోదానికి 6. బాబు చిత్రకళ ఒక్క గదిలోనే. కాబట్టి 24 మొదటే పోయింది. ఆ గది రంగు వయసు 40 నెలలు. రంగు ఐదేళ్ళు, అంటే 60 నెలలు మన్నుతుందనుకుందాం. బాబు గోడ జోలికి వెళ్ళకపోయినా ఇంకో 20 నెలల్లో ఓనర్ గారు ఎలాగూ వేయించాలి. 6లో మూడో వంతు 2. మీరు ఇవ్వాల్సింది 2.

ఇంటివాడు (మార్చి 5, రాత్రి 8:47)

ఐదేళ్ళని ఎవరన్నారు? మంచి రంగు ఎనిమిదేళ్ళు ఉంటుంది. ఇంకోటి, ఒక్క గోడకి వేస్తే షేడ్ కలవదు. ప్యాచ్‌లు వేసిన ఇల్లు కొత్తవాళ్ళకి చూపిస్తే అద్దె తగ్గించమంటారు.

లెక్కలపిచ్చి (మార్చి 5, రాత్రి 9:10)

షేడ్ మాట ఒప్పుకుంటా. అందుకే గోడ వరకు లెక్క కట్టకుండా గదంతా కట్టాను. గది దాటి హాల్లోకి ఎందుకు రావాలి? ఐదేళ్ళకి శాసనమేమీ లేదు. ఎనిమిదేళ్ళన్నా వేసుకోండి, 96 నెలల్లో 56 మిగిలాయి, 6లో మూడున్నర అవుతుంది. 30 మాత్రం ఎలా లెక్కేసినా రాదు.

ఇంటివాడు (మార్చి 5, రాత్రి 9:14)

సరే బాబూ. నా టెనెంట్లెవరూ ఇది చదవకుంటే చాలు.

సైట్ బూట్లు (మార్చి 6, ఉదయం 6:50)

వార్డ్‌రోబ్ సంగతి ఎవరూ ఎత్తలేదే. ఏమైంది దానికి?

మూడో అంతస్తు (మార్చి 6, ఉదయం 8:05)

పెద్ద పడకగదిలో గోడకి బిగించిన వార్డ్‌రోబ్. కింది అర ఉబ్బిపోయి, తలుపు బందుల దగ్గర స్క్రూలు ఊడి వేలాడుతోంది. "తడి బట్టలు లోపల పెట్టి నాశనం చేశారు" అంటున్నారు. ఆ గోడకి ఎప్పుడూ చెమ్మ. అవతలి పక్క బాత్రూమ్. రెండో వర్షాకాలంలో నేనే ఫోన్ చేసి చెప్పాను, "చూద్దాంలే" అన్నారు.

సైట్ బూట్లు (మార్చి 6, ఉదయం 8:40)

అమ్మా, ఫోటోలున్నాయా? ఉంటే నా మాటలతో పోల్చి చూడండి. ఇంట్లో ఆవిరి వల్ల, గాలాడక వచ్చే చెమ్మ గది మూలల్లో, బీరువా వెనక నల్లటి చుక్కల బూజులా మొదలవుతుంది. తుడిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. పైపు లీకై గోడలోంచి వచ్చేది వేరు. గోధుమరంగు అంచుతో మ్యాపు గీసినట్టు మరక పడుతుంది, రంగు పొక్కులు లేస్తుంది, గీకితే తెల్లటి ఉప్పు పొడిలా రాలుతుంది. నేల నుంచి లేదా పైపు పోయే దారి నుంచి పైకి పాకుతుంది. వార్డ్‌రోబ్ చెక్కపొట్టు అదిమిన బోర్డుదైతే కింది అంచున నీళ్ళు తగలగానే బ్రెడ్డులా ఉబ్బుతుంది, ఆ తర్వాత స్క్రూ పట్టదు. తడి బట్టలు కారణమైతే అరల పైభాగం ముందు పాడవాలి. కింది అర వెనకంచు నుంచి ఉబ్బిందంటే నీళ్ళు గోడలోంచే వచ్చాయి.

మూడో అంతస్తు (మార్చి 6, రాత్రి 10:30)

దొరికింది! దిగిన రోజు మా తమ్ముడు తాళం తీసిన దగ్గర్నుంచి ప్రతి గదీ వీడియో తీశాడు, ఆరు నిమిషాలు. అప్పట్లో "ఏంట్రా ఈ పిచ్చి" అని తిట్టాను, ఇవాళ ఫోన్ చేసి సారీ చెప్పాను. ఆ గోడ కింద గోధుమ మరక అప్పటికే స్పష్టంగా ఉంది. ఇంకో విచిత్రం, గీజర్ దగ్గర ఆపి చూస్తే స్టిక్కర్ మీద తయారీ నెల, సంవత్సరం కనిపిస్తున్నాయి. ఇవాళ్టికి దాని వయసు 9 ఏళ్ళు! ఆ వీడియో అదే రోజు ఓనర్ గారికి వాట్సాప్ చేశాను, ఆయన బొటనవేలు బొమ్మ పెట్టారు.

నల్లకోటు నీడ (మార్చి 6, రాత్రి 10:55)

ఆ బొటనవేలు బంగారం అమ్మా. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైల్‌లో దాగి ఉండే తేదీ, స్థలం వివరాలు పోతాయి. చాట్‌లో పంపిన తేదీ, ఆయన చూసిన సంగతి మిగులుతాయి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. మీ తమ్ముడి ఫోన్‌లో అసలు ఫైల్ ఇంకా ఉంటే దాన్ని కదపకుండా కాపీ తీయండి.

గీజర్ విషయంలో రిపేరు వేరు, కొత్తది కొనడం వేరు. రిపేరు మీ మీద పడొచ్చు. 9 ఏళ్ళ గీజర్‌కి బదులు కొత్తది మీ డబ్బుతో కొనుక్కోవడం కుదరదు.

మూడో అంతస్తు (మార్చి 7, ఉదయం 7:20)

రెండో ఏడు దాని లోపలి కాయిల్ కాలిపోతే మా డబ్బుతోనే మార్పించాం, బిల్లుంది. క్లీనింగ్ సంగతి కూడా చెప్పేస్తాను. ఊడ్చి తుడిచే ఇచ్చాం కానీ వంటింటి చిమ్నీ జిడ్డు తీయలేదు. ఓపిక అయిపోయింది.

బ్యాగు సర్దుకున్నా (మార్చి 7, ఉదయం 9:48)

ఇంత కష్టం ఎందుకండీ! నేనైతే చివరి రెండు నెలలు అద్దె కట్టను. "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అంటా. అయిపోయె.

ఇంటివాడు (మార్చి 7, ఉదయం 10:02)

మీలాంటివాళ్ళ వల్లే మేం అడ్వాన్స్ పెంచుతాం.

నల్లకోటు నీడ (మార్చి 7, ఉదయం 10:30)

చాలామంది చేస్తారు, చాలాసార్లు నడిచిపోతుంది. అగ్రిమెంట్లో అడ్వాన్స్‌ని అద్దెకి సర్దకూడదని ఉంటే మాత్రం ఒప్పందం తప్పింది మీరవుతారు. అప్పటిదాకా న్యాయం మీవైపున్నా గొడవ "అద్దె ఎగ్గొట్టారు" అన్నదాని మీదికి మళ్ళుతుంది. సర్దుకోవాలనుకుంటే ముందే అడిగి, ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో తీసుకోండి.

ఇంటివాడు (మార్చి 7, ఉదయం 10:44)

ఓనర్ల రహస్యం ఒకటి చెప్పనా? అడ్వాన్స్‌ని ఎవరూ విడిగా దాచరు. ఎప్పుడో ఖర్చయిపోతుంది. కొత్తవాళ్ళు వచ్చి కట్టేదాకా పాతవాళ్ళకి ఇవ్వడానికి చేతిలో ఉండదు. సగం కోతలకి అసలు కారణం గోడలు కాదు. మీ ఓనర్ గారి ఇంట్లో ఎవరైనా దిగారా మేడమ్? దిగకపోతే "రెండు విడతల్లో ఇవ్వండి" అని అడిగి చూడండి, మనిషి మెత్తబడతాడు.

జర్మనీ చలిమంట (మార్చి 7, మధ్యాహ్నం 2:10)

ఆ రహస్యం ఇక్కడ చెల్లదు. డిపాజిట్ ఓనర్ సొంత డబ్బుతో కలవకుండా విడిగా ఉండాలి, వడ్డీ అద్దెకున్నవాళ్ళదే. మొత్తం మూడు నెలల అద్దె దాటకూడదు, మనం మూడు వాయిదాల్లో కట్టొచ్చు.

మూడో అంతస్తు (మార్చి 8, రాత్రి 9:15)

ఉత్తరం రాశాను, చూసి చెప్పండి:

"గౌరవనీయులైన ఓనర్ గారికి నమస్కారం. మీరు పంపిన కోతల గురించి రాస్తున్నాను. చిన్న పడకగది గోడ మా బాబు వల్ల పాడైంది. ఆ గది రంగులో మిగిలిన ఆయుష్షు మేరకు 2 మా బాధ్యత. వంటింటి చిమ్నీ శుభ్రం చేయలేదు, దానికి 3. గీజర్ వయసు 9 ఏళ్ళు, కాయిల్ ఒకసారి మేమే మార్పించాం. రిపేరు ఖర్చు కింద 3 ఇస్తాం. వార్డ్‌రోబ్ వెనక గోడకి చెమ్మ మేం దిగిన రోజే ఉంది, వీడియో మీకు అదే రోజు పంపాను, తర్వాత ఫోన్‌లోనూ చెప్పాను. అది మా బాధ్యత కాదు. 'ఇతరాలు' ఏమిటో తెలియదు. 62లో 8 పోను 54 మాకు రావాలి. దేనికైనా ఎక్కువ ఖర్చయి ఉంటే పని చేసినవారి బిల్లు పంపండి, చూసి మాట్లాడతాను. 14 రోజుల్లో మీ జవాబు కోసం ఎదురుచూస్తాను. మీరు మమ్మల్ని ఇన్నాళ్ళు బాగా చూసుకున్నారు, ఇది మాటలతోనే తేలాలని నా కోరిక."

లెక్కలపిచ్చి (మార్చి 8, రాత్రి 9:40)

ఒక్క అక్షరం మార్చకండి. మీ తప్పులు మీరే ముందు ఒప్పుకున్నారు, ఆయన దగ్గర బయటపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

నల్లకోటు నీడ (మార్చి 8, రాత్రి 9:58)

నేను ఒకటి మారుస్తాను. ఆయన ఇస్తానన్న ఆ 38 వెంటనే వేయమని అడగండి, దానిలో గొడవేం లేదు. "మొత్తం లెక్క తేలిపోయింది" అని సంతకం అడిగితే మాత్రం పెట్టకండి. ఉత్తరం ఈమెయిల్‌లోనూ, అందినట్టు రసీదు వచ్చే పోస్టులోనూ పంపండి. తొందరేం లేదు, భారత్‌లో ఇలాంటి బాకీకి దావా వేయడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం కింద మామూలుగా మూడేళ్ళు ఉంటుంది. కోర్టుదాకా వెళ్తే ఖర్చు, తిరుగుడు ఎంతో కూడా ముందే లెక్క వేసుకోండి.

మూడో అంతస్తు (మార్చి 27, సాయంత్రం 5:33)

ఆలస్యమైంది, క్షమించండి. 38 మూడో రోజే వచ్చింది. తర్వాత పది రోజులు మౌనం. ఆ తర్వాత ఓనర్ గారి అబ్బాయి ఫోన్ చేశారు. పెయింటింగ్ బిల్లు పంపారు, చూస్తే ఇల్లంతటికీ కలిపి 21! మమ్మల్ని అడిగింది 30. అది నేను ఎత్తలేదు, ఆయనే "నాన్నగారు అంచనాతో రాశారు" అన్నారు. వార్డ్‌రోబ్, ఇతరాలు పూర్తిగా వదిలేశారు. గదికి 6, గీజర్‌కి 4, క్లీనింగ్‌కి 5 ఉంచుకుంటామన్నారు. 62లో 47 వెనక్కి వచ్చింది, నిన్న అకౌంట్లో పడింది. నేను ఒప్పుకున్నాను.

లెక్కలపిచ్చి (మార్చి 27, సాయంత్రం 6:00)

ఇంకో 7 వదిలేశారు మేడమ్. 21 బిల్లులో ఒక గది వాటా 4 కంటే కాస్తే ఎక్కువ, 6 ఎలా ఇచ్చారు?

మూడో అంతస్తు (మార్చి 27, సాయంత్రం 6:21)

తెలుసండీ. లెక్క నేనూ వేశాను. ఆ 7 కోసం ఇంకో నెల నిద్ర పోగొట్టుకోలేను. పెద్దాయన ఫోన్ తీసుకుని "బాబు ఎలా ఉన్నాడమ్మా, ఇంకా బొమ్మలేస్తున్నాడా" అని అడిగారు కూడా.

కొత్త తాళం (మార్చి 29, ఉదయం 11:10)

మొత్తం చదివాను. నాదో సందేహం. మా అగ్రిమెంట్లోనే "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె మినహాయించబడును" అని ఉంది. నేను సంతకం పెట్టేశాను. ఉన్నది ఏడు నెలలే, గోడలు కొత్తగానే ఉన్నాయి. ఇదీ వాదించొచ్చా?

నల్లకోటు నీడ (మార్చి 29, మధ్యాహ్నం 12:25)

సంతకం పెట్టారు కాబట్టి మేడమ్ కేసంత సులువు కాదు. అయినా అడగొచ్చు. పెయింటింగ్‌కని రాశారు కదా, నిజంగా రంగు వేయిస్తున్నారా అని అడగండి, వేయిస్తే బిల్లు అడగండి. వేయించకుండానే కొత్తవాళ్ళని దింపుతుంటే ఆ మాట మీద గట్టిగా నిలబడొచ్చు. తాళాలు ఇచ్చే ముందు గోడలన్నీ వీడియో తీసి, అదే రోజు ఓనర్‌కి పంపండి. ఆ పేజీ ఫోటో పెట్టండి, పేర్లు చెరిపేసి. పక్కన ఇంకే షరతు ఉందో చూస్తేగానీ చెప్పలేను.